ఆకుపచ్చ గుడ్డ వేసిన నవల

ఆ నవల అచ్చయి ఏడాది కూడా కాలేదు. దాని మీది అట్ట మాత్రం మా అవ్వ వేసినట్టుంది. అవ్వ పోయి యాభై ఏళ్లు కావస్తోంది. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. పట్టుచీర నేశాక మగ్గం మీద మిగిలే ఆకుపచ్చ ముక్క, నాలుగు మూలలూ తమలపాకు చిలక చుట్టినట్టు లోపలికి మడిచి ఉన్నాయి. మడత ఊడకుండా జరీ పోగుతో మూలకొక కుట్టు. పైన పుస్తకం పేరు లేదు, రాసినవాళ్ల పేరు లేదు. పుస్తకానికి ఇలా గుడ్డ వేసే ఇల్లు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మొత్తం వెతికినా ఒక్కటే ఉండేది. ఆ ఇల్లు మాది. అది మా చేతుల్లోంచి పోయి అవ్వ పోయినదానికన్నా ఎక్కువ కాలమైంది.

పుస్తకం నా బల్ల మీదికి వచ్చిన తీరు కూడా చెప్పాలి. హిందూపురంలో నేను అద్దెకుండే ఇంటి మేడ మీద షాహీన్ అనే అమ్మాయి ఉంటుంది. డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతుంది. కొత్తగా వచ్చిన తెలుగు పుస్తకం ఏదైనా ఆమె చేతిలో కనిపిస్తుంది. నేను ఒకరి పుస్తకం అరువు తీసుకోనని ఆమెకు తెలుసు. మా ఇంటి పుస్తకం గడప దాటేది కాదు, పరాయి పుస్తకం గడప లోపలికి వచ్చేది కాదు. మాకు కావలసింది మేమే కొనుక్కునేవాళ్లం. ఇల్లు పోయినా ఆ అలవాటు నాకు పోలేదు. కొనగలిగినన్ని కొంటాను, లేకుంటే ఉన్నవే మళ్లీ చదువుకుంటాను. ఆ రోజు పైన కుళాయిలో నీళ్లు రాక, మోటారు వేయడానికి షాహీన్ కిందికి దిగి, చేతిలోని పుస్తకాన్ని నా బల్ల మీద పెట్టింది.

"ఇది యాడిది షాహీన్?" అన్నాను.

"ధర్మవరంది మేడం. మా కాలేజీలో ఒకామె ఉండాది, వాళ్ల పెద్దత్త ఇస్తాది. ఇంటి నిండా ఇట్లా గుడ్డలేసిన పుస్తకాలేనంట. మీరు అరువుది ముట్టరు గదా. చదవమని పెట్టలేదు, చెయ్యి ఖాళీ లేక పెట్టినా."

ఆమె మోటారు వేసి వచ్చేలోపల నేను ఆ పుస్తకాన్ని తెరిచాను. అది నవల. చెన్నేకొత్తపల్లి వైపు మెట్ట ఊళ్లలో గొర్రెలు కాసుకునే ఒక కుటుంబం గురించి. నాకు అదే వింతగా తోచింది. మా ఇంటి పద్ధతి ప్రకారం నవలకు ఎర్ర గుడ్డ వేయాలి. ఒకే ఒక్క నవలకు మా అవ్వ ఆకుపచ్చ గుడ్డ వేయించింది. ఆ సంగతి తెలిసినవాళ్లే ఈ నవలకూ వేసి ఉండాలి. అది అర్థం కావాలంటే పెనుకొండలోని మా పాత ఇంట్లో పుస్తకాలు ఎలా చదివేవాళ్లమో చెప్పాలి.

కొత్త పుస్తకాలు మాకు పోస్టులో వచ్చేవి, బెజవాడ నుంచో మద్రాసు నుంచో. పార్సిలు వచ్చిన రోజు నాయన పొలం నుంచి రాగానే కాళ్లు కడుక్కుని, పంచె మార్చుకుని, దాని ముందు కూర్చునేవాడు. పురికొసను తెంచేవాడు కాదు. ముడులు ఒక్కొక్కటే విప్పి, వేళ్లకు చుట్టి, ఉండ చేసి గూట్లో పెట్టేవాడు. అప్పట్లో కొన్ని పుస్తకాలు పేజీల అంచులు కోయకుండానే వచ్చేవి. వెదురు బద్దతో మడత మడతా చీల్చేవాడు. పడసాలంతా మైదా జిగురు వాసన, కొత్త సిరా వాసన. వంటింట్లోంచి సంగటి ఆవిరి, ఊరుబిండి పచ్చడికి వేయించిన చెనిక్కాయల వాసన వచ్చి వాటితో కలిసేవి. ఈనాటికీ కొత్త పుస్తకం తెరిస్తే నాకు ఆకలి వేస్తుంది. అంత ఓపికగా విప్పిన పుస్తకంలో నాయన ఒక్క వరస కూడా చదివేవాడు కాదు. తీసుకుపోయి అవ్వ మంచం మీద పెట్టేవాడు. కొత్త పంటలో మొదటి గంప ఇంటి పెద్ద చేతికి వెళ్లినట్టే, కొత్త పుస్తకం మొదట అవ్వ వినాలి. ఆమె విన్నాకే నాయనైనా, ఇంకొకరైనా. తాత బతికున్న రోజుల్లో మొదలైన కట్టుబాటు ఇది.

అవ్వకు అక్షరాలు రావు. మధ్యాహ్నం భోజనాలయ్యాక నులక మంచం మీద కూర్చుని, చేట ముందు పెట్టుకుని, విత్తనానికి చెనిక్కాయలు వొలుస్తూ వినేది. కాయలు లేని రోజుల్లో చింతపండులో గింజలు తీసేది. చదవడం నా పని. మొదలుపెట్టే ముందు ఆమె అడిగే మాట ఎప్పుడూ ఒకటే.

"ఇది జరిగిందా, పుట్టిచ్చిందా?"

చరిత్రలు, యాత్రలు, ఒకరి జీవితం గురించి రాసినవి, పురుగుమందుల మీద రాసినవి, అన్నీ జరిగినవి. కథలు, నవలలు పుట్టించినవి. రెండిటి మీదా ఆమెకు ఒకే గౌరవం. కాకపోతే తనకు ముందే తెలియాలి. పుట్టించిందని తెలిసి ఏడవడానికి ఆమెకు అభ్యంతరం లేదు, ఏడ్చాక తెలిస్తే మాత్రం కోపం. పుస్తకం మంచిదా కాదా అనేది ఆమె నోటితో చెప్పేది కాదు. కాయలు చిట్లే చప్పుడు చెప్పేది. నేను చదువుతుంటే ఆ చప్పుడు ఒకే తీరుగా వినిపిస్తూ ఉండేది. పుస్తకం ఆమెను పట్టుకున్న చోట చప్పుడు ఆగేది. కాయ వేళ్ల మధ్యే ఉండిపోయేది. సాయంత్రం నాయన వచ్చి "ఎట్లుందమ్మా?" అంటే అవ్వ చేట చూపించేది. చేట నిండా గింజలుంటే ఆ పుస్తకం పనికిరానిదని లెక్క.

ఒకసారి గొప్ప పేరున్న నవల ఒకటి వచ్చింది. రెండు చేటల గింజలు వొలిచేసింది. "మంచి పుస్తకమేలే, పని జరిగింది" అంది. ఇంకోదాని గురించి, "ఇంతమంది ఉండారు ఈ కతలో, ఒక్కరూ పొయ్యి అంటిచ్చుకోరేమే? గాలి తింటారా?" అని నన్నడిగింది, నేనే రాసినట్టు. ఒక పెద్దమనిషి జీవితచరిత్ర చదువుతుంటే మూడో అధ్యాయంలోనే చేత్తో ఆపేసింది. "ఈయప్ప పుట్టినప్పుడి నుంచి ఒక్క తప్పూ చెయ్యలేదంట. జరిగిందంటివే? పుట్టిచ్చింది ఇది." నాయన అంతగా నవ్వడం నేను ఎక్కువసార్లు చూడలేదు.

నెగ్గిన పుస్తకానికి పట్టు గుడ్డ వేసేవాళ్లు. ధర్మవరంలో మా ఇంటి చీరలు నేసే నాగమ్మ, ఆమె మొగుడు మగ్గం మీద మిగిలిన ముక్కలు మాకోసం తీసిపెట్టేవాళ్లు. పొద్దుటి రైలుకు నాగమ్మ ఆ మూటతో పెనుకొండ వచ్చేది. అవ్వ గుడ్డ మడిచేది, నాగమ్మ జరీ పోగుతో కుట్టేది. పుట్టించిన వాటికి ఎరుపు, జరిగిన వాటికి ఆకుపచ్చ. ఓడిన పుస్తకాలు గుడ్డ లేకుండా అటక మీద పడి ఉండేవి. పైన పేరు రాయాలని ఎవరికీ తోచలేదు. అవ్వ గుడ్డ మీది అంచును చూసి, ఇది ఫలానా కథ, ఇది ఫలానా ఊరి సంగతి అని చెప్పేది. వేరే ఊళ్ల నుంచి వచ్చిన చదువుకున్న చుట్టాలకు ఆ అల్మారా పెద్ద తలనొప్పి. ఒకాయన ఆ మాటే అంటే, "పేరు చూసి చదివేటోళ్లకు ఈ ఇంట్లో పుస్తకం లేదప్పా" అంది అవ్వ, మజ్జిగ గ్లాసు ఆయన చేతికిస్తూ.

నాగమ్మ వెంట ఆమె కూతురు రత్నమ్మ వచ్చేది. నా ఈడుదే. గుడ్డలు కుట్టేంతసేపూ మంచం కోడుకు ఆనుకుని కూర్చుని వినేది. గొంతు బాగుండేది. రెండు మూడుసార్లు అవ్వ నా చేతిలోంచి పుస్తకం తీసి ఆ పిల్లకిచ్చింది. నాకు మంట. "నువ్వు ఎక్కాలు చెప్పినట్ల చదువుతావు అమ్మణ్ణీ. అందుకే అవ్వ కాయలు ఆపదు" అనేది రత్నమ్మ. మా ఇంట్లో నాతో అలా మాట్లాడే ధైర్యం ఇంకెవరికీ ఉండేది కాదు.

ఒక కరువు గురించి నవల వచ్చింది. అందులో ఒక ఇంటి వాకిట్లో గంజి పోస్తుంటారు. వరసలో నిలబడిన ఒక చిన్నపిల్ల తన వంతు వచ్చాక గంజి తాగదు, ముంత ఒంటికి అదుముకుని ఇంటివైపు పరుగెత్తుతుంది. అంతే. నేను చదువుతూ పోయాను. కాయల చప్పుడు ఆగింది. మరుసటి రోజు కూడా మొదలు కాలేదు. పుస్తకం పూర్తయ్యాక అవ్వ ఆకుపచ్చ గుడ్డ తీసింది. నాయన చెప్పిచూశాడు. "అమ్మా, అది నవల. పుట్టిచ్చింది."

"ఎవురు పుట్టిచ్చినారు? మన వాకిట్లో గంజి పోసింది నేను. ఆ పిల్లను నేను చూసినా. పుట్టిచ్చినోడు ఆడ ఉండెనా, లేదా, నాకెందుకు?"

మాట మీద నిలబడే మనిషి నాయన. ఎవరు చెప్పినా వెనక్కి తీసుకునేవాడు కాదు. ఆ రోజు మాత్రం "ఆకుపచ్చే కుట్టు నాగమ్మా" అన్నాడు. అల్మారాలో ఎర్ర వరసలో ఉండాల్సిన ఆ ఒక్క నవల ఆకుపచ్చ వరసలో చేరింది. అది చూసింది మేం ముగ్గురం, నాగమ్మ, రత్నమ్మ.

తర్వాత ఇల్లు నిలవలేదు. దాయాదుల వ్యాజ్యం, ఎండిన బావులు, వాటి సంగతి వేరేచోట రాశాను. ఖాళీ చేసే రోజు పొద్దున నాయన గుడ్డ వేసిన పుస్తకాలన్నీ రెండు ట్రంకు పెట్టెల్లో సర్దించి, బండిలో ఎక్కించి, జీతగాణ్ణి కూడా రానివ్వకుండా తానే స్టేషను వైపు తోలుకుపోయాడు. సాయంత్రం ఖాళీ బండితో వచ్చాడు. ఏమీ చెప్పలేదు. స్టేషను దారిలోనే పాత కాగితాలు కొనే అంగడి ఉండేది. మేము హిందూపురం చేరకముందే ఊళ్లో మాట పుట్టింది. కొత్త బడిలో మా ఊరి పిల్ల ఒకతె అందరి ముందూ అంది. "మీ నాయన పుస్తకాలు తూకానికి ఏసినాడంట గదా?" "మా నాయన వేయడు" అన్నాను. తల వంచకుండానే అన్నాను. కానీ నాకు తెలియదు.

హిందూపురంలో ఒంటిగది ఇల్లు. నాయన చింతపండు మండీలో ఉద్యోగానికి కుదిరాడు. ఒక మధ్యాహ్నం అవ్వ చేట ముందు పెట్టుకుని, "పుస్తకాలు యాడబ్బా?" అని అడిగింది. నాయన గోడకు తగిలించిన చొక్కా తీసుకుంటున్నాడు. వెనక్కి తిరగకుండానే, "ఉండాయమ్మా" అన్నాడు. అవ్వ తలూపింది. పోయేదాకా మళ్లీ అడగలేదు. వినడానికి ఏమీ లేకుండానే కాయలు వొలిచేది, ఆ చప్పుడు ఎప్పుడూ ఆగేది కాదు. అవ్వ ఒకసారి అడిగిన దాన్ని నేను రెండోసారి అడగడం మా ఇంట్లో లేదు. నాయన సాయంత్రాలు వాకిట్లో కుర్చీ వేసుకుని, వీపు కుర్చీకి ఆనకుండా కూర్చునేవాడు. అలాగే బతికాడు, అలాగే పోయాడు. ఆ ఒక్క మాట మాత్రం నా దగ్గర మిగిలిపోయింది. నాయన తన తల్లితో నిజం చెప్పాడా, ఆమెను ఓదార్చడానికి అబద్ధమాడాడా? నిజం చెప్పి ఉంటే ఊళ్లో మాట అబద్ధం. అబద్ధమాడి ఉంటే, తూకానికి వేశాడన్న దానికంటే అదే నాకు పెద్ద దెబ్బ.

అప్పటి నుంచి నాకొక అలవాటు పట్టుకుంది. ఉడకబెట్టిన చెనిక్కాయలు కొంటే, కాయలు కొంగులో పోసుకుని ముందు పొట్లం విప్పుతాను. కాగితానికి రెండు వైపులా చదువుతాను. అవ్వకు చదివి వినిపించిన వరస ఏదైనా ఉందా అని. స్టేషన్లలో, సినిమా హాలు బయట, బస్సుల్లో చదివాను. ఎప్పుడూ దొరకలేదు. దొరకనంత మాత్రాన లేదని కాదు. "కాయలు కొనేది కాగితం కోసమా?" అని మా ఆయన ఆటపట్టించేవాడు. ఆయనకూ చెప్పలేదు.

ఇప్పుడు షాహీన్ తెచ్చిన ఆకుపచ్చ నవల ముందు కూర్చుని, "ఆ పెద్దత్త పేరేంది?" అని అడిగాను.

"రత్నమ్మంట మేడం. ఎందుకు?"

వచ్చే ఆదివారం ధర్మవరం పోదాం అన్నాను. ఆమె ఇంకేమీ అడగలేదు. ఆ అమ్మాయిలో నాకు నచ్చేది అదే. నాలుగు రోజులు నాతో నేను వాదించుకున్నాను. గుడ్డ వేయడం రత్నమ్మ వాళ్లమ్మ దగ్గర నేర్చుకుని ఉండవచ్చు. ఆకుపచ్చ నవల సంగతి ఆమె కళ్లతోనే చూసింది. వాటికీ మా పెట్టెలకూ సంబంధం ఉండాలని లేదు. పైగా నేను పోతున్నది ఒకరింటికి ఒకటి అడగడానికి. మా ఇంట్లో ఇవ్వడం అందరికీ తెలుసు, అడగడం ఎవరికీ తెలియదు. రైలు పెనుకొండలో ఆగినప్పుడు కొండ మీది కోటగోడ ఎండలో కనిపిస్తోంది. "దిగి మీ ఇల్లు చూద్దామా మేడం?" అంది షాహీన్. "ఆడిప్పుడు మోటారు సైకిళ్లు అమ్ముతాండారు. నీకు కావాల్నా?" అన్నాను. ఆమె నవ్వింది. నేను రెండో వైపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

ధర్మవరంలో ఆ సందులో చేతిమగ్గాల చప్పుడు, మర మగ్గాల రొద కలిసి వినిపిస్తున్నాయి. రత్నమ్మ కొడుకులు ముందు గదిలో చీరల అంగడి పెట్టారు. ఆమె నడవలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను చూసి లేవలేదు.

"ఎవురబ్బా ఇంత నిటారుగా నడిచొస్తాండేది అనుకున్నా. మీ నాయన మాదిరే ఉండావు. రా, కూర్చో. ఇంకా ఎక్కాలు చెప్పినట్లే చదువుతాండావా?"

"ఎక్కాలే చెప్పినా బడిలో, రిటైరయ్యే దంకా."

"అనుకుంటి" అని కోడల్ని కేకేసి కాఫీ పెట్టమంది.

కాఫీ తాగాం. మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకున్నాం. గ్లాసు కింద పెట్టి నేను నోరు తెరిచాను. ఖాళీ గ్లాసునే మళ్లీ చేతిలోకి తీసుకున్నాను. షాహీన్ నా తరఫున అడగబోయింది. వద్దని చెయ్యి చూపాను. ఇది నేనే అడగాలి.

"రత్నా, మా పుస్తకాలు..." అన్నాను. అంతవరకే వచ్చింది.

ఆమె తన గ్లాసు పక్కన పెట్టింది. నడుముకు దోపుకున్న తాళంచెవి తీసి, కుర్చీ చేతుల మీద బరువు వేసి లేచింది. "అడగతావో, కాఫీ తాగి పోతావో అని చూస్తాండా" అంది. లోపలి గదిలో గోడ పొడవునా చెక్క అల్మారా. తలుపు రెక్కలు రెండూ తీసింది.

"ఉండాయి చూడు. అన్నీ ఉండాయి."

నాయన అన్న మాటే. నేను అక్కడున్న ముక్కాలి పీట మీద కూర్చుండిపోయాను. ఎర్ర వరస, ఆకుపచ్చ వరస. రంగులు వెలిశాయి. మడతలు మాత్రం అవ్వవే. రత్నమ్మ చేత్తో తడుముకుంటూ కరువు నవల తీసి నా ఒళ్లో పెట్టింది. గంజి పోసే పేజీ దానంతట అదే తెరుచుకుంది. మధ్యలో చెనిక్కాయ గింజ మీది ఎర్ర పొర ఒకటి కాగితానికి అతుక్కుని ఉంది. నేను దాన్ని కదిలించలేదు.

జరిగింది ఆమె చెప్పింది. ఆ రోజు నాయన బండిని పెనుకొండ స్టేషను దగ్గర విడిచి, పెట్టెలతో రైలెక్కి ధర్మవరం వచ్చాడు. నాగమ్మ వాకిట్లో నిలబడి, లోపలికి పిలిచినా రాకుండా, "మేము అడిగే దంకా ఉండనీ నాగమ్మా" అని ఒకే మాట అన్నాడు. మంచినీళ్లు కూడా తాగలేదు. తమ ఇంటికి చీరలు నేసేవాళ్లను తన పుస్తకాలు దాచమని అడగడం ఆయనకు ఎంత కష్టమై ఉంటుందో ఇప్పుడు నాకు తెలుసు. ఆ మాట ఇంట్లో చెప్పాలంటే, తాను ఒకర్ని అడిగానని చెప్పాలి. అందుకే చెప్పలేదు.

"మరి మీరన్నా చెప్పొచ్చు గదా?" అన్నాను.

"ఎట్ల చెప్పాల? అడిగే దంకా అన్నాడు. మీరు అడగల్యా. మేమొచ్చి పెట్టెలున్నాయి అంటే, మాకు బరువైనాయి తీసుకపోండి అన్నట్ల ఉంటాదని మాయమ్మ. పెద్దింటోళ్లు, బాగుపడినాంక వాళ్లే వస్తారులే అనె. మాయమ్మ పోయినాంక నేను ఒక తూరి హిందూపురంలో మీ సందు దంకా వచ్చినా. మీ నాయన వాకిట్లో కుర్చీ ఏసుకోని కూర్చోని ఉండె. ఆ కూర్చునే తీరు జూసి, ఈయప్పను నేనేమి పలకరిచ్చేదని వెనక్కి తిరిగినా."

ఆమె నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, కళ్లు తుడుచుకుంటూనే. వాళ్లు మా మర్యాద కాపాడడానికి ఎదురుచూశారు. మేము మా మర్యాద కాపాడుకోవడానికి అడగలేదు. రెండిళ్లకూ మధ్య రైలులో రెండు గంటల ప్రయాణం.

అల్మారా కింది అరల్లో కొత్త పుస్తకాలున్నాయి. "ఊరికే పెడితే చెదలు పడతాయని మీవి ఏటేటా తీసి చదివినాం. కండెలు చుట్టే ఆడోళ్లంతా మధ్యాన్నం ఈడికే వస్తారు. నేను చదువుతా, వాళ్లు రాట్నం తిప్పుతా వింటారు. రాట్నాలు నిలబడితే పుస్తకానికి గుడ్డ. మీవి అయిపోయినాంక కొత్తవి కొనేది మొదులుపెట్టినాం" అంది రత్నమ్మ. ఒక్కొక్కటి తీసి చూపించింది. హిందూపురం పక్క బట్టల ఫ్యాక్టరీల్లో కుట్టే ఆడపిల్లల మీద ఒక అమ్మాయి రాసిన మొదటి నవల, ఎర్ర గుడ్డ. రామగిరి బంగారు గనుల్లో దిగిన ముసలివాళ్లను వెతికి పట్టుకుని, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసిన పుస్తకం, ఆకుపచ్చ. తన తండ్రి వేయించిన బోర్లన్నిటి గురించి ఒక రైతు కొడుకు రాసినది, ఆకుపచ్చ. అందులో ఒక పేజీ నేను నిలబడే చదివాను. నీళ్లు పడని బోరు దగ్గర కూలీలకు అన్నం వడ్డించే తల్లి ఉంది. అవ్వ అడిగే పొయ్యి ఆ పుస్తకంలో వెలుగుతోంది. గుడ్డ లేనివి కిటికీలో పేర్చి ఉన్నాయి. పైదాని అట్ట తళతళా మెరుస్తోంది. "దానికి పెద్ద బహుమానం వచ్చిందంట. ఒక్క రాట్నమూ నిలబడలా" అంది.

"గొర్రెల నవలకు ఆకుపచ్చ ఎందుకేస్తివి?"

"మా చెల్లెల్ని చెన్నేకొత్తపల్లి పక్క ఇచ్చినాం. ఆ మందను నేను చూసినా. పుట్టిచ్చిందంటే నేనొప్పుకోను" అని, నా ఒళ్లోని కరువు నవలను చూపిస్తూ, "మీ అవ్వ ఒప్పుకునిందా?" అంది.

మంచి పుస్తకాలు మా ఇంటితోనే అయిపోయాయని నేను చాలా ఏళ్లు అనుకున్నాను. ఇప్పటి రచయితలకు ఆకలి తెలియదు, భాష తెలియదు అని బడిలో సాటి టీచర్లతో వాదించేదాన్ని. ఆ కింది అరల ముందు కూర్చున్నాక ఆ మాట ఎవరితోనూ అనబుద్ధి కాలేదు. కొత్త పుస్తకాలు వస్తూనే ఉన్నాయి, వినే చెవులు ఉన్నాయి, వాటిని నిలబెట్టి అడిగే ఇల్లు ఒకటుంది. ఆ ఇల్లు మాది కాకపోవడం నన్ను బాధపెడుతుందేమో అని కాసేపు చూసుకున్నాను. పెట్టలేదు. అన్నేళ్లు మోసిన మూట దించుకుంటే భుజం ఎలా ఉంటుందో అలా ఉంది నాకు. నాయన తన తల్లితో నిజమే చెప్పాడు.

"పెట్టెలు గూడా ఉండాయి. తీసుకపోతావా?" అని రత్నమ్మ అడిగింది. ఆమె చెయ్యి అల్మారా రెక్క మీదే ఉంది. నా రెండు గదులు తలచుకున్నాను. అక్కడ రాట్నం లేదు, చేట లేదు.

"ఉండనీ" అన్నాను.

"అడిగే దంకానా?"

"అడిగినా గదా ఇప్పుడు. ఉండనీ."

బయల్దేరుతుంటే ఆమె గుడ్డ వేయని పుస్తకం ఒకటి తెచ్చింది. ఆ వారమే వచ్చిందట, ఇంకా ఎవరూ వినలేదు. "ఇది తీసుకపో. చదివి చెప్పు, గుడ్డ వెయ్యాల్నా వద్దా, వేస్తే ఏది వెయ్యాల్నో."

"మేడం అరువు పుస్తకం ముట్టరు" అంది షాహీన్, ముఖం మామూలుగానే పెట్టి.

"ముట్టరా? మీవి నేను యాభై ఏండ్లు చదువుకుంటి. నాది నువ్వు ఒకటి చదివితే ఏం పోతాది?"

రెండు చేతులతో తీసుకున్నాను.

సాయంత్రం రైలు. షాహీన్ ఉడకబెట్టిన కాయలు కొని ఒక పొట్లం నా చేతికిచ్చింది. వేళ్లు అలవాటుగా పొట్లం అంచు మీదికి పోయాయి. అక్కడే ఆగాయి. ఆ కాగితంలో ఏముందో ఇక నాకు అక్కర్లేదు. పొట్లాన్ని ఒళ్లో పెట్టుకుని పుస్తకం తెరిచాను. అది జరిగిందో పుట్టించిందో రత్నమ్మ చెప్పలేదు, నేనూ అడగలేదు. మొదటి పేజీలో ఒక ఆడమనిషి బస్టాండులో టిఫిను క్యారియరు మరిచిపోతుంది. పెనుకొండ ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో నాకు తెలియదు.

"మేడం, హిందూపురం. దిగాల" అని షాహీన్ భుజం తట్టింది. తర్వాత నా ఒళ్లోకి చూసి, "కాయలు అట్లే ఉండాయే?" అంది.

చూసుకున్నాను. వొలిచిన కాయ ఒకటి వేళ్ల మధ్యే ఉంది. మిగిలినవి పొట్లంలో చల్లారిపోయి ఉన్నాయి.

"రత్నమ్మకు ఫోన్ చెయ్యి" అన్నాను, పుస్తకంలో వేలు పెట్టుకుని లేస్తూ. "ఏ రంగో ఇంకా తెలీదు. గుడ్డ మాత్రం తీసి పెట్టమను."